గుంటూరు నుంచి కనిపించే గ్రహణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు (2026 ఆగస్టు – 2031 మే)

ఇక్కడ ఇచ్చిన వేళలన్నీ మన గడియారం వేళలే, అంటే భారత ప్రామాణిక కాలం. సూర్యగ్రహణాల లెక్క గుంటూరు పట్టణానికి కట్టింది. విజయవాడ, తెనాలి, మంగళగిరి, నరసరావుపేట వాళ్ళు కూడా ఒకటి రెండు నిమిషాల తేడాతో వీటినే వాడుకోవచ్చు. చంద్రగ్రహణాలకు ఆ తేడా కూడా ఉండదు.

ఈ ఐదేళ్ళలో గుంటూరులో ఏయే గ్రహణాలు కనిపిస్తాయి?

ముందు కనిపించనివి చెప్పేస్తే గందరగోళం తగ్గుతుంది. 2026 ఆగస్టు 12 సంపూర్ణ సూర్యగ్రహణం గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్‌ల మీదుగా పోతుంది, మనకేమీ లేదు. అదే నెల 28న వచ్చే పాక్షిక చంద్రగ్రహణం మొదలయ్యేసరికి మన దగ్గర తెల్లవారి చంద్రుడు అస్తమించి ఉంటాడు. 2027 ఫిబ్రవరి 6, 2028 జనవరి 26, 2028 జులై 22 సూర్యగ్రహణాలూ, 2028 జనవరి 12, 2029 జూన్ 26 చంద్రగ్రహణాలూ అంతే. 2029లో నాలుగు సూర్యగ్రహణాలున్నా మనకు ఒక్కటీ కనిపించదు. 2030 జూన్ 1 కంకణ గ్రహణం ఉత్తర భారతంలో పాక్షికంగా కనిపిస్తుంది గానీ గుంటూరు దాకా రాదు.

ఇక కనిపించేవాటిలో ముఖ్యమైనవి.

2027 ఫిబ్రవరి 21, తెల్లవారుజామున: ఉపచ్ఛాయా చంద్రగ్రహణం. మధ్యకాలం 4:43. చంద్రుడి మీద ఒక పక్క పలుచటి మసక తప్ప ఇంకేమీ ఉండదు.

2027 ఆగస్టు 2, సోమవారం: పాక్షిక సూర్యగ్రహణం. పట్టు సాయంత్రం 4:02, మధ్యం 4:50, విడుపు 5:34 ప్రాంతంలో.

2028 జులై 6 రాత్రి: పాక్షిక చంద్రగ్రహణం. పట్టు 10:39, మధ్యం 11:50, విడుపు అర్ధరాత్రి దాటాక 1:00. చంద్రబింబం వ్యాసంలో 39 శాతం నీడలోకి పోతుంది.

2028 డిసెంబరు 31 రాత్రి: సంపూర్ణ చంద్రగ్రహణం. దీని గురించి కింద విడిగా రాశాం.

2029 డిసెంబరు 21 తెల్లవారుజాము: మళ్ళీ సంపూర్ణ చంద్రగ్రహణం. పట్టు 2:25, సంపూర్ణ దశ 3:45 నుంచి 4:39 దాకా, విడుపు 5:59.

2030 జూన్ 15 రాత్రి: పాక్షిక చంద్రగ్రహణం. పట్టు 10:51, మధ్యం 12:03, విడుపు 1:15. చంద్రబింబం వ్యాసంలో సగం నీడలో మునుగుతుంది.

2031 మే 21, మధ్యాహ్నం: పెద్ద పాక్షిక సూర్యగ్రహణం. కేరళ, తమిళనాడులలో ఇదే కంకణ గ్రహణం.

ఇన్నిటిలో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలి?

2028 డిసెంబరు 31. సందేహమే లేదు.

అన్నీ కలిసొచ్చిన గ్రహణం అది. వేళ చూడండి: పట్టు రాత్రి 8:37, చంద్రుడు పూర్తిగా నీడలోకి పోయేది 9:46, మధ్యం 10:22, మళ్ళీ వెలుగు అంచు బయటపడేది 10:58, పూర్తి విడుపు 12:06. అంటే పిల్లలు కూడా మేలుకునే ఉంటారు, ఆఖరి ముక్క నీడ చంద్రుడి మీంచి జారేసరికి 2029 మొదలై ఆరు నిమిషాలవుతుంది. చంద్రుడు తూర్పు ఆకాశంలో బాగా ఎత్తున, నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు కాబట్టి బ్రాడీపేట లాంటి ఇరుకు వీధుల్లో కూడా ఎవరి డాబా మీంచి వాళ్ళు చూడొచ్చు. డిసెంబరు చివరికి ఈశాన్య రుతుపవనాల వానలు దాదాపు తగ్గిపోతాయి. బాణసంచా పొగ ఒక్కటే ఇబ్బంది, అదీ సంపూర్ణ దశ అయిపోయాకే.

2027 ఆగస్టు 2ది "శతాబ్దపు గ్రహణం" అంటున్నారు. మనకు చీకటి పడుతుందా?

పడదు. ఆ పేరు మనకు వర్తించదు. ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మాయమవుతాడు, ఈ సందడంతా దాని గురించి. సంపూర్ణ గ్రహణ దారి దక్షిణ స్పెయిన్, మొరాకో, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా వచ్చి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. మనం ఆ దారికి ఈశాన్యంగా చాలా దూరంలో ఉన్నాం.

గుంటూరులో గరిష్ఠ సమయానికి సూర్యుడి వ్యాసంలో సుమారు 37 శాతం మీద చంద్రుడుంటాడు. 37 శాతం వ్యాసం అంటే 37 శాతం వెలుగు కాదు. కప్పబడే వైశాల్యం నాలుగో వంతు మాత్రమే. సాయంత్రం ఐదింటికి ఎండ ఎలాగూ వాలుతూ ఉంటుంది, మన కన్ను కూడా వెలుగుకు తగ్గట్టు సర్దుకుపోతుంది. చెప్పకపోతే గ్రహణం పట్టినట్టే చాలామందికి తెలియదు.

అయినా చూడదగ్గదే. సూర్యుడు పడమటి ఆకాశంలో ఉంటాడు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి అడ్డం సుమారు 10 డిగ్రీలు. పట్టు వేళకు సూర్యుడు దిగంతం మీద మూడున్నర పిడికిళ్ళ ఎత్తున, మధ్యానికి రెండున్నర, విడుపుకి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తున ఉంటాడు. పడమర వైపు ఎత్తైన అపార్ట్‌మెంటు ఉంటే చివరి అరగంట దొరకదు, ముందే చూసిపెట్టుకోండి. సూర్యాస్తమయం 6:39 ప్రాంతంలో, కాబట్టి విడుపు కూడా చూడొచ్చు.

కాటు మొదట సూర్యబింబం కింది అంచున పడుతుంది. అక్కణ్ణుంచి ఎడమ వైపుకి జరుగుతూ, మధ్యం వేళకు కింద-ఎడమ మూలన పెద్దదై, చివరికి ఎడమ అంచున వదులుతుంది. సూది బెజ్జంతో చూసేవాళ్ళకు కింద మొదలైన కాటు కాగితం మీద పైన కనిపిస్తుంది. బొమ్మ తలకిందులవడం వల్ల.

అసలు శత్రువు మబ్బు. ఆగస్టు మొదటి వారం నైరుతి రుతుపవనాల నడిమధ్య కాలం. మొత్తం గంటన్నర గ్రహణంలో పది నిమిషాల తెరిపి దొరికినా అదృష్టమే అనుకుని, పట్టు నుంచి విడుపు దాకా డాబా మీదే ఉండండి. పలుచటి మబ్బు వెనక సూర్యుడు చల్లగా కనిపించినా ఉత్త కంటితో చూడకూడదు; మబ్బు జరిగిన క్షణంలో పూర్తి వెలుగు కంట్లో పడుతుంది.

2031 మే 21 సంగతేమిటి? ప్రయాణం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. మధ్య కేరళ, దక్షిణ తమిళనాడుల మీదుగా కంకణ మార్గం పోతుంది. కొచ్చి, మదురై రెండూ దాంట్లో ఉన్నాయి. అక్కడ చంద్రుడు సూర్యుడి నడుమ సరిగ్గా కూర్చుంటే చుట్టూ గాజులాంటి వెలుగు వలయం మిగులుతుంది. ఎండ తీవ్రతకు ఆ నెలలో ఏ ఊరూ తీసిపోదు గానీ, మే మూడో వారం కేరళలో రుతుపవనాలకు ముందొచ్చే మబ్బులు ఎక్కువ. ఎంచుకోవాల్సి వస్తే పశ్చిమ కనుమలకు ఇవతలి వైపు, అంటే మదురై వైపే మొగ్గు చూపుతాం.

గుంటూరులో ఉండిపోయినా నష్టం లేదు. పట్టు ఉదయం 11 దాటాక, గరిష్ఠం ఒంటిగంట దాటిన కాసేపటికి, విడుపు 3 గంటల ప్రాంతంలో. సూర్యుడి వ్యాసంలో ముప్పాతిక వంతుకు పైగా కప్పబడి, లావుపాటి నెలవంక మిగులుతుంది. ఆ సమయానికి ఎండ రంగు మారుతుంది. మబ్బు పట్టినప్పటి మసకలా కాదు, వెండి పూసినట్టు ఉంటుంది. వేప చెట్టు కింద నేల మీద పడే గుండ్రటి వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోతాయి. ఆ చుక్కలు ఆకుల సందుల ఆకారం కావని, ప్రతి ఒక్కటీ సూర్యుడి బొమ్మేనని ఆ రోజు తెలుస్తుంది.

సూర్యుడు నడినెత్తికి దగ్గర్లో, 70 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మెడ నొప్పి కన్నా వడదెబ్బ పెద్ద ప్రమాదం. గుంటూరు మే ఎండలో నాలుగు గంటలు నిలబడే పని పెట్టుకోవద్దు. నీడలో కూర్చుని, పావుగంటకోసారి బయటికొచ్చి రెండు నిమిషాలు చూసి వెళ్ళండి.

ఉపచ్ఛాయా గ్రహణం అంటే ఏమిటి? చూడాలా?

భూమి నీడకు రెండు భాగాలు. మధ్యలో సూర్యకాంతి నేరుగా అందని చిక్కటి నీడ ప్రచ్ఛాయ. దాని చుట్టూ సూర్యుడు కొంత మాత్రమే మరుగయ్యే పలుచటి నీడ ఉపచ్ఛాయ. చంద్రుడు ఉపచ్ఛాయలోనే తిరిగి వెళ్ళిపోతే కాటు ఏర్పడదు. 2027 ఫిబ్రవరి 21న బింబం దాదాపు మొత్తం ఉపచ్ఛాయలోకి పోతుంది కాబట్టి 4:20 – 5:05 మధ్య ఒక పక్క పొగచూరినట్టు అనిపించవచ్చు. అంతకుమించి ఆశించవద్దు. 2027 జులై 18 రాత్రి వచ్చేది నీడ అంచుని తాకీ తాకనట్టు పోయే గ్రహణం. దాన్ని ఏ కన్నూ పసిగట్టలేదు.

తారీఖుల్లో తికమక ఎందుకు వస్తుంది? ఒకరు జులై 6 అంటారు, ఒకరు 7 అంటారు.

విదేశీ పట్టికలు గ్రీన్‌విచ్ కాలంలో ఉంటాయి. మన వేళ దానికి ఐదున్నర గంటలు ముందు. 2029 గ్రహణం వాళ్ళ లెక్కలో డిసెంబరు 20 రాత్రి 10:42కి, మన లెక్కలో 21 తెల్లవారుజామున 4:12కి. పైగా పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది గనుక తెల్లవారుజాము గ్రహణం ముందు రోజు ఖాతాలోనే పడుతుంది. 2028 జులైలో గ్రహణమే అర్ధరాత్రికి అటూ ఇటూ సాగుతుంది. అలారం పెట్టుకునేటప్పుడు ఎప్పుడూ "ఏ రాత్రి నిద్రపోయాక" అని అడిగి పెట్టుకోండి. 2029 గ్రహణానికి 21వ తేదీ రాత్రి లేచి ఆకాశం చూసేవాళ్ళు తప్పకుండా కొందరుంటారు.

పంచాంగంలో వేళకీ మీ వేళకీ నిమిషాల తేడా ఉంది. ఏది సరైంది?

దృక్ సిద్ధాంత పంచాంగమైతే (ఆకాశంలో గమనించిన స్థానాలతో సరిచూసి కట్టేది) తేడా ఒకటి రెండు నిమిషాలకు మించదు. మించితే మూడు కారణాల్లో ఒకటి అయివుంటుంది. పాత సూత్రాలతో కట్టే వాక్య పద్ధతిలో గుణించి ఉండవచ్చు. సూర్యగ్రహణమైతే వేరే ఊరికి కట్టిన వేళ అచ్చు వేసి ఉండవచ్చు. చంద్రుడి నీడ నేల మీద పరిగెడుతుంది కాబట్టి హైదరాబాదుకూ గుంటూరుకూ పట్టు వేళ మారుతుంది. చంద్రగ్రహణమైతే ఉపచ్ఛాయ మొదలయ్యే వేళనే పట్టుగా వేసి ఉండవచ్చు, అప్పుడు గంటకు పైగా తేడా వస్తుంది. పంచాంగాల్లో పట్టు అంటే మామూలుగా ప్రచ్ఛాయ తాకిన వేళే. స్పర్శ, మధ్యం, మోక్షం అన్న మాటలు దానికే.

సూర్యగ్రహణాన్ని ఏమేం పెట్టుకుని చూడొచ్చు?

ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణ కళ్ళద్దాలు, లేదా వెల్డింగ్ అద్దం 14వ నంబరు. ఈ రెండే. వెల్డింగ్ షాపులో అడిగితే ఇచ్చేది మామూలుగా 10 లేదా 11. ఆర్క్ వెల్డింగుకి అది చాలు, సూర్యుడికి చాలదు. రెండు 10 నంబరు అద్దాలు కలిపి పెట్టుకుంటామని కొందరంటారు. నంబర్లు అలా కూడవు, చెయ్యవద్దు.

ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, ఎండ కళ్ళద్దాలు, సీడీలు, ఫొటో నెగటివులు, రెండు మూడు పొరల చాక్లెట్ కాగితం: ఇవేవీ పనికిరావు. వీటిలోంచి సూర్యుడు చల్లగా, హాయిగా కనిపిస్తాడు. మోసమంతా అక్కడే. కంటికి కనిపించే వెలుగు తగ్గినా, కనిపించని పరారుణ కిరణాలు దాటి లోపలికి పోతాయి. వెలుగు తగ్గిందని కంటిపాప విచ్చుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే పోతాయి.

కళ్ళద్దాలు మంచివో కావో ఇంట్లో చూసుకోవచ్చు. పెట్టుకుని గదిలో నిలబడితే ఏమీ కనిపించకూడదు. వెలిగే ట్యూబులైటు, కిటికీ, టీవీ ఏవీ. ఫోను టార్చిని దగ్గరగా పెడితే మసకగా కనిపిస్తే సరే. ఇక దీపాలు స్పష్టంగా కనిపిస్తే అవి పారేయాల్సినవే. తర్వాత ట్యూబులైటు ముందు పట్టి గీతలు, సూది మొన బెజ్జాలు ఉన్నాయేమో వెతకండి. ఒక్కటి ఉన్నా వద్దు. చూపు కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాని మీద పెట్టుకోవాలి. తల దించి పెట్టుకుని, అప్పుడు తలెత్తి చూసి, మళ్ళీ తల దించాకే తియ్యాలి.

బైనాక్యులర్లకు, టెలిస్కోపుకు ఫిల్టరు ముందు వైపు, అంటే వెలుగు లోపలికి వచ్చే వైపు ఉండాలి. గ్రహణ కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్లోంచి చూస్తే కటకాలు పోగుచేసిన వేడి ఆ ఫిల్మును క్షణంలో కాల్చేస్తుంది, తర్వాత కన్నే. పాత టెలిస్కోపులతో వచ్చే, కన్ను పెట్టే చోట బిగించే చిన్న సూర్య ఫిల్టర్లూ వేడికి పగులుతాయి. అవి పెట్టెలోనే ఉండనివ్వండి.

పసుపు నీళ్ళ పళ్ళెంలో చూడమని మా అమ్మమ్మ చెబుతుంది. మంచిదేనా?

నీటి ఉపరితలం సూర్యకాంతిలో కొద్ది శాతమే వెనక్కి పంపుతుంది, కానీ సూర్యుడి విషయంలో ఆ కొద్ది శాతం కూడా చాలా ఎక్కువ. కళ్ళద్దాలు లక్ష వంతులో ఒక వంతుకి తగ్గిస్తాయి, నీళ్ళు యాభైలో ఒక వంతుకి. అందులోనూ 2027లోలా సూర్యుడు వాలి ఉంటే ప్రతిబింబం ఇంకా ప్రకాశంగా ఉంటుంది. పసుపు వేసినా పేడ కలిపినా పైపొర మెరుపు మారదు. పెద్దవాళ్ళ ఉద్దేశం మంచిదే: తలెత్తి చూడవద్దని. దానికి సూది బెజ్జం పద్ధతి ఇంతకన్నా మేలు.

డబ్బు ఖర్చు లేకుండా చూసే పద్ధతి చెప్పండి.

సూది బెజ్జం. దీన్ని చాలామంది చేసి, "ఏమీ కనిపించలేదు" అంటారు. దూరం చాలకపోవడమే కారణం. గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: బెజ్జానికీ తెరకీ మధ్య దూరాన్ని 109తో భాగిస్తే సూర్యుడి బొమ్మ అడ్డం వస్తుంది. చెప్పుల పెట్టెలో దూరం 30 సెంటీమీటర్లు. బొమ్మ 3 మిల్లీమీటర్లు కూడా రాదు, మెంతిగింజంత. దాంట్లో కాటు ఏం కనిపిస్తుంది? మీటరున్నర దూరం ఉంటే బొమ్మ 14 మిల్లీమీటర్లు, హాయిగా కనిపిస్తుంది.

మీటరున్నర పెట్టె ఎక్కడ దొరుకుతుందంటే, బట్టల షాపులో తాను బట్ట చుట్టే అట్ట గొట్టం అడగండి. ఒక చివర వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముడతలు లేకుండా లాగి టేపుతో అంటించండి. దాని నడుమ కుట్టు సూదితో ఒక్క బెజ్జం, మిల్లీమీటరు మించకుండా. పొడిచి సూదిని తిప్పవద్దు, అంచు చిరుగుతుంది. రెండో చివర వెన్న కాగితం గానీ నూనె కాగితం గానీ బిగించండి, అదే తెర. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచి, గొట్టాన్ని భుజం మీంచి ఫాయిల్ వైపు సూర్యుడికి చూపిస్తూ పట్టుకోండి. గొట్టం నీడ నేల మీద అన్నిటికన్నా చిన్నదైన చోట గొట్టం సూటిగా ఉన్నట్టు. తెర చుట్టూ నల్ల గుడ్డ చుడితే బొమ్మ తేటగా ఉంటుంది. ఏ పరిస్థితుల్లోనూ బెజ్జంలోంచి సూర్యుణ్ణి చూడకూడదు. పిల్లలు మొదట చేసేది అదే, పక్కన ఒకరుండాలి.

బెజ్జం పెద్దదైతే బొమ్మ వెలుగుగా వస్తుంది గానీ అంచులు అలుక్కుపోతాయి. మరీ చిన్నదైతే చీకటిగా ఉంటుంది. బెజ్జం చదరంగా పడినా బొమ్మ గుండ్రంగానే వస్తుంది.

బడిలో అందరికీ ఒకేసారి చూపించాలంటే అద్దం పద్ధతి. చిన్న అద్దం మీద కాగితం అంటించి, నడుమ సెంటీమీటరు రంధ్రం వదలండి. ఆరుబయట ఎండలో ఇసుక పోసిన గిన్నెలో దాన్ని గుచ్చి, వెలుగుని పది మీటర్ల దూరంలోని చీకటి గది గోడ మీదకి కొట్టించండి. గోడ మీద 9 సెంటీమీటర్ల సూర్యుడు వస్తాడు. సూర్యుడు కదులుతుంటాడు గనుక రెండు మూడు నిమిషాలకోసారి అద్దం సర్దాలి. ఇసుక ఉన్నది అందుకే. అద్దం వైపు ఎవరూ చూడకుండా ఒకరు కాపలా ఉండాలి.

కన్ను దెబ్బతింటే వెంటనే తెలుస్తుందా?

తెలియదు, అదే అసలు ప్రమాదం. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. కొన్ని గంటల తర్వాతో మర్నాడు పొద్దున్నో అక్షరాల నడుమ మచ్చ కనిపిస్తుంది, నిటారు గీతలు వంకరగా అనిపిస్తాయి, రంగులు వెలిసినట్టుంటాయి. ఇలా ఉంటే చుక్కల మందు కొనుక్కోకుండా కంటి వైద్యుడి దగ్గరకు వెళ్ళి రెటీనా చూపించుకోండి. కొందరికి కొన్ని నెలల్లో చూపు చాలావరకు తిరిగి వస్తుంది, కొందరికి మచ్చ మిగిలిపోతుంది.

చంద్రగ్రహణానికి కూడా కళ్ళద్దాలు కావాలా?

అక్కర్లేదు. పున్నమి చంద్రుడి కన్నా గ్రహణ చంద్రుడి వెలుగు తక్కువ. ఉత్త కళ్ళతో ఎంతసేపైనా చూడండి. 7×50 లేదా 10×50 బైనాక్యులర్లు ఉంటే ఎరుపు రంగు గాఢత బాగా తెలుస్తుంది.

సంపూర్ణ దశలో చంద్రుడు ఎర్రగా ఎందుకు ఉంటాడు? ప్రతిసారీ ఒకే ఎరుపా?

చంద్రుడి మీద నిలబడి చూస్తే ఆ సమయానికి భూమి సూర్యుణ్ణి పూర్తిగా కప్పి, చుట్టూ ఎర్రటి ఉంగరంలా కనిపిస్తుంది. అప్పుడు భూమ్మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు గుంకుతోందో ఆ వెలుగంతా కలిసిన ఉంగరం అది. గాలిలో నీలం చెదిరిపోయి ఎరుపు మాత్రం వంగి నీడలోకి చేరుతుంది.

ఎరుపు మాత్రం ఒకేలా ఉండదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి పై వాతావరణమంతా సన్నటి ధూళి చేరాక, 1992 డిసెంబరు 9 గ్రహణంలో చంద్రుడు వెతుక్కోవాల్సినంత నల్లబడ్డాడు. విచిత్రమేమిటంటే 2028 డిసెంబరు 31 గ్రహణం దాని కుటుంబంలోదే. 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకోసారి సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు అదే అమరికలోకి వస్తాయి, దీన్ని సారోస్ అంటారు: 1992 డిసెంబరు 9, 2010 డిసెంబరు 21, 2028 డిసెంబరు 31. పెద్ద అగ్నిపర్వతం ఏదీ పేలకపోతే ఈసారి రాగి రంగు ఆశించవచ్చు. చంద్రుడు నీడ కేంద్రానికి ఉత్తరంగా పోతాడు కాబట్టి ఉత్తరపు అంచు మిగతా బింబం కన్నా తేటగా ఉంటుంది.

2027 సూర్యగ్రహణానికీ ఇలాంటి అన్న ఉన్నాడు: సూరత్, వారణాసి, పట్నాల మీదుగా పోయిన 2009 జులై 22 గ్రహణం. ఆ మిగులు 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి అప్పుడు మన దేశం మీద పడ్డ దారి ఈసారి ఆఫ్రికా మీద పడింది.

2029 డిసెంబరు గ్రహణానికి తెల్లవారుజామున లేవడం దండగ కాదా?

ధనుర్మాసం కదా, తిరుప్పావైకీ ముగ్గులకీ ఎలాగూ లేచేవాళ్ళు లేస్తారు. నాలుగింటికి వాకిట్లోకి వచ్చి పడమర వైపు చూస్తే ఎర్రటి చంద్రుడు ఉంటాడు. 4:39 తర్వాత వెలుగు అంచు బయటపడి, 5:59కి పూర్తిగా విడిచేసరికి చంద్రుడు దిగంతానికి దగ్గరగా దిగుతాడు. ఆఖరి అరగంటకి పడమర ఖాళీగా ఉన్న చోటు కావాలి. పొలాల మీద మంచు పట్టే రోజులు కాబట్టి ఊరి బయటి కన్నా ఎత్తైన డాబా నయం.

ఫోనుతో ఫొటో వస్తుందా?

చంద్రుడిదైతే వస్తుంది, కాస్త ఓపిక పడితే. తెర మీద చంద్రుణ్ణి నొక్కి పట్టి ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేసి, వెలుగు జారుడు గీతని బాగా కిందకి దించండి. లేకపోతే తెల్లటి ముద్దే వస్తుంది. ఫోనుని ఇటుకకో స్టాండుకో ఆనించి 3 సెకన్ల టైమరు వాడండి. సంపూర్ణ దశలో ఇదంతా తిరగబడుతుంది: చంద్రుడు వేల రెట్లు మసకబారతాడు, అప్పుడు నైట్ మోడ్ కావాలి.

కెమెరాలో బింబం ఎంత పడుతుందో తెలియాలంటే కటకం నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) 109తో భాగించండి: 200 మిల్లీమీటర్ల కటకంతో బొమ్మ 2 మిల్లీమీటర్లకు లోపే. మొదటి ప్రయత్నానికి పాక్షిక దశలో ఐఎస్ఓ 200, ఎఫ్ 8, సెకనులో 250వ వంతు. సంపూర్ణ దశలో ఐఎస్ఓ 1600, ఎఫ్ 4, ఒక సెకను. రెండు సెకన్లు దాటితే చంద్రుడు కదిలి అంచు అలుక్కుపోతుంది.

సూర్యుడికైతే ఫోను కటకం ముందు గ్రహణ కళ్ళద్దం పెట్టి తియ్యండి. సూది బెజ్జం బొమ్మని కాగితం మీద తీసిన ఫొటో దాని కన్నా బాగుంటుందని మా అభిప్రాయం.

గ్రహణం రోజు రోకలి పళ్ళెంలో నిలబడుతుంది కదా, దానికి కారణం?

రోకలి అడుగు బల్లపరుపుగా ఉంటుంది, బరువు నిట్టనిలువుగా ఆ అడుగు మీదకే దిగుతుంది. ఓపికగా సర్దితే ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణానికి నాలుగు రోజుల ముందు అదే పళ్ళెం, అదే రోకలి, అవే నీళ్ళతో ప్రయత్నించి చూడండి. మిగతా రోజుల్లో ఎవరూ రోకలిని నిలబెట్టి చూడరు, అంతే తేడా.

సూతకం, భోజనం, గర్భిణులు: ఏం పాటించాలి?

శాస్త్ర సంప్రదాయంలో సూర్యగ్రహణానికి నాలుగు జాములు, చంద్రగ్రహణానికి మూడు జాములు ముందు నుంచి సూతకం అంటారు. జాము మూడు గంటలు. ఆ ఊళ్ళో కనిపించని గ్రహణానికి పట్టింపు లేదని ఆ సంప్రదాయమే చెబుతుంది కాబట్టి 2026 ఆగస్టు గ్రహణాలకు ఎవరూ హైరానా పడనక్కర్లేదు. తిరుమలతో సహా చాలా ఆలయాలు గ్రహణానికి గంటల ముందే తలుపులు మూసి, విడుపు తర్వాత శుద్ధి చేసి తెరుస్తాయి. దర్శనానికి బయల్దేరేముందు ఆ రోజు వేళలు కనుక్కోండి. శ్రీకాళహస్తి మాత్రం గ్రహణ వేళలోనూ తెరిచే ఉంటుంది.

పాటించడం ఎవరిష్టం వాళ్ళది. భౌతికంగా చూస్తే గ్రహణ వేళలో కొత్త కిరణాలేవీ రావు. చంద్రుడి నీడో భూమి నీడో పడుతుంది. అన్నం పాడైతే మే నెల వేడికి పాడవుతుంది, పచ్చడి జాడీ మీద గరిక ఉన్నా లేకపోయినా. కడుపులోని బిడ్డకు గ్రహణం వల్ల హాని లేదు. హాని ఎక్కడుందంటే, గర్భిణిని పన్నెండు గంటలు నీళ్ళు కూడా ఇవ్వకుండా, కదలకుండా గదిలో పడుకోబెట్టడంలో. చక్కెర జబ్బు, బీపీ మందులు వాడేవాళ్ళకూ ఇదే మాట: మందు వేళ తప్పించవద్దు.

అమావాస్య, పున్నమి నెలనెలా వస్తాయి. గ్రహణం నెలనెలా ఎందుకు రాదు?

చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చాలా నెలల్లో నీడ పైనుంచో కిందనుంచో తప్పిపోతుంది. రెండు కక్ష్యలు ఖండించుకునే రాహు కేతు బిందువుల దగ్గర అమావాస్యో పున్నమో పడితేనే గ్రహణం.

గుంటూరులో ఎప్పుడైనా సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిందా?

కనిపించింది, అదీ ప్రపంచ విజ్ఞాన చరిత్రలో నిలిచిపోయినది. 1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ గ్రహణ దారి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియరీ జాన్సెన్ గుంటూరులోనే మకాం వేసి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగుని వర్ణపటదర్శినితో (స్పెక్ట్రోస్కోపు) రంగులుగా విడదీసి చూశాడు. అవి ప్రధానంగా హైడ్రోజన్ వాయువని తేలింది. అందులో కనిపించిన రంగు గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు అక్కడే తట్టింది. మర్నాడే గుంటూరులో చూశాడు కూడా. మద్రాసు వేధశాల నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో అదే గ్రహణాన్ని గమనించాడు. ఆ వర్ణపటంలోని పసుపు గీతని మొదట సోడియం అనుకున్నారు. కాదని, అది భూమ్మీద ఎరగని మూలకమని తర్వాత ఇంగ్లండు శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ వాదించాడు. అదే హీలియం. దాన్ని భూమ్మీద పట్టుకునేసరికి 1895 అయింది.

ఆ తర్వాత తెలుగు నేల మీద పడిన సంపూర్ణ గ్రహణం 1980 ఫిబ్రవరి 16ది; రాయచూరు, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల, పూరీ ఆ దారిలో ఉన్నాయి. 2034 మార్చి 20న మళ్ళీ మన దేశాన్ని సంపూర్ణ గ్రహణం తాకుతుంది, కాకపోతే లద్దాఖ్ అంచున. ఆ రోజు గుంటూరులో పాక్షికమే. ఈ కళ్ళద్దాలు అప్పటిదాకా దాచుకోవాలనుకునేవాళ్ళు గీతలు పడకుండా గట్టి కవరులో, ఎండ తగలని చోట పెట్టండి. ఏడేళ్ళ తర్వాత బయటికి తీసినప్పుడు పైన చెప్పిన ట్యూబులైటు పరీక్ష మళ్ళీ చేశాకే కంటికి పెట్టుకోండి.